గతించిన రసికుని నాదపేటికలు – వారసుల ధర్మము

మనుష్యుడు గతించిన పిదప అతని వస్తువులు మిగులును. భూమి, గృహము, ధనధాన్యములు మొదలగువాని విభాగమును గూర్చి ధర్మశాస్త్రములు విస్తరించి చెప్పినవి. కాని ఒకడు జీవితకాలమంతయు ప్రేమతో కూర్చుకొనిన వస్తువులుండును. అంగడిలో వానికి నిశ్చితమైన వెల లేదు. ఇంటివారికి వాని ఉపయోగము తెలియదు. అట్టివి ఎవరికి చెందవలెను? అమ్మదలచినచో ఎట్లు అమ్మవలెను? ఈ ప్రశ్న ఈనాడు అనేక గృహములయందు పుట్టుచున్నది. గ్రామఫోనులు, వాల్వు రేడియోలు, స్పూలు టేపురికార్డర్లు, పాటల ప్లేట్లు ప్రీతితో సేకరించిన తరమువారు ఒక్కొక్కరుగా వెళ్లిపోవుచున్నారు. వారి గదుల తాళములు ఇతరుల చేతికి వచ్చుచున్నవి. ఆ తాళము తీసినవారు ఏమి చేయవలెనన్నదే ఇచట విచారణీయము.

దృష్టాంతము

విషయనిర్ణయమునకు దృష్టాంతము ఆవశ్యకమని నైయాయికుల మతము. కావున నిజామాబాదు జిల్లాలో, హైదరాబాదునుండి నాగపూరునకు పోవు రహదారిపై, డిచ్‌పల్లికిని ఆర్మూరునకును నడుమనున్న జక్రాన్‌పల్లియందు ఒక గృహమును ఊహింపవచ్చును. ఇది కేవలము కల్పితమే అయినను ఇట్టి గృహము ఏ ఊరియందైనను కానవచ్చును.

ఆ ప్రాంతము పసుపుపంటకు ప్రసిద్ధము. ఆ ఇంటిపెద్ద పసుపు పండించి నిజామాబాదు మార్కెట్ యార్డునకు తోలెడివాడు. పంట కలిసివచ్చిన ఏట అతడు ఏదో ఒక యంత్రమును ఇంటికి తెచ్చెడివాడు. అట్లు నలువది ఏండ్లలో మర్ఫీ, ఫిలిప్స్ వాల్వు రేడియోలును, చేతితో కీలు త్రిప్పెడు గ్రామఫోనును, హెచ్.ఎం.వి. వారి రికార్డు ప్లేయరును, రెండు స్పూలు టేపురికార్డర్లును, వందలకొలది ప్లేట్లును ఒక గది నిండ చేరెను. ఊరివారు చెడిపోయిన రేడియోలను కూడ అతనియొద్దకే తెచ్చి ఇచ్చెడివారు.

అతడు గతించెను. పెద్దకర్మ ముగిసెను. అది పసుపు ఉడుకబెట్టి కళ్లములలో ఎండబెట్టు కాలము. బస్తాలు పెట్టుటకు తావు కావలసియుండెను. తుక్కుసామాను కొనువాడు వచ్చి మొత్తమును తూకమునకు అడిగెను. పెద్దకుమారుడు సమ్మతించెను. కర్మకు వచ్చిన కూతురు అడ్డుపడి, “అన్నా, బాపు సామాను తూకానికి ఇస్తవా? అండ్ల నాయనమ్మ పాట ఉన్నది గద!” అనెను. అన్న, “ఉన్నది చెల్లే, కాని ఏ టేపుల ఉన్నదో నీకు తెలుసా, నాకు తెలుసా? పసుపు బయట పెడితే వాన కొట్టుకపోతది” అని బదులు చెప్పెను. తల్లి గడపమీద కూర్చుండి ఇద్దరి మాటలును వినుచుండెను.

ఈ ఇరువురిలో ఎవరిని నిందింపవలెను? కూతురు మాటయందు స్నేహము కలదు. కుమారుని మాటయందు సంసారభారము కలదు. పసుపు తడిసినచో ఒక సంవత్సరపు జీవనము పోవును. గతించినవాని వస్తువులు జీవించియున్నవారి నోటి అన్నమును తీయకూడదు. అందుచేత అమ్ముట దోషము కాదు. విచారింపక అమ్ముట దోషము. ఆ విచారణ ఎట్టిదన్నది తెలియవలెను.

వస్తుస్వరూపము

రత్నమును అమ్మదలచినవాడు ముందుగా రత్నపరీక్ష తెలిసినవానికి చూపును. పసుపు రైతు కూడ కొమ్మును, గోళను వేరుచేయక అంగడికి తీసికొనిపోడు. నాదయంత్రముల విషయమున మాత్రము ఈ వివేకము మరువబడుచున్నది.

ఎడిసన్ 1877లో ధ్వనిని తగరపురేకు చుట్టిన స్తూపముపై నిలిపెను. బెర్లినర్ 1887లో చదునైన పళ్లెముపై గీతలుగా నిలుపు విధానమును కనిపెట్టెను. 1902 నవంబరులో గైస్‌బర్గ్ అను ఆంగ్లసంస్థవారి నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ అను గాయని పాటలను గ్రహించెను. నాటి ప్లేట్లు జర్మనీలోని హానోవరులో అచ్చువేయబడి ఓడలపై మనదేశమునకు వచ్చెడివి.

ఆ పాత ప్లేట్ల ప్రధానద్రవ్యము లక్క. మోదుగ, రేగు వంటి చెట్లపై లక్కపురుగు కూర్చు జిగురే అది. ఇచ్చటి అడవుల లక్క విదేశమునకు పోయి పాటయై తిరిగివచ్చినదన్నమాట. భారతమున లక్కయిల్లు ఎందుకు కట్టబడెనో తెలిసినవారికి ఈ ప్లేట్లకు వేడి ఎంత శత్రువో చెప్పనక్కరలేదు. ఎండ తగిలిన అవి వంగును. చేయి జారిన పగులును. ఒకదానిపై ఒకటి పేర్చినను చెడును. పుస్తకములవలె నిలువుగా ఉంచవలెను.

ఈ లక్కప్లేటు నిమిషమునకు 78 మారులు తిరుగును. పది అంగుళముల ప్లేటునకు ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు కొంచెము మించి పాట పట్టదు. గంటసేపు సాగవలసిన రాగమును విద్వాంసులు మూడు నిమిషములలో ఇమిడ్చిరి. కపిలవాయి రామనాథశాస్త్రి నాటకపద్యములును, ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీనమును ఇట్లే ఇండ్లకు చేరినవి. 1948లో దీర్ఘవాదనపు ప్లేటు వచ్చిన పిమ్మటనే ఒక ప్రక్క ఇరువది నిమిషములకు పైగా వినుటకు వీలయ్యెను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతము 1963లో అట్టి ప్లేటుపైననే వెలువడినది. 1974లో దివంగతులైన ఘంటసాలగారి భగవద్గీతయు అటువంటి ప్లేట్ల ద్వారముననే ఊరూర వినబడినది.

ఇచట ఒక సూక్ష్మము కలదు. ఇంటివారు సుప్రభాతపు ప్లేటును మిక్కిలి విలువైనదని దాచుదురు. పేరు తెలియని నాటకసమాజమువారి పద్యపు ప్లేటును పారవేయుదురు. అంగడిలో దీనికి విపర్యయము. సుప్రభాతము వేలకొలదిగా అచ్చుపడినది కావున వెల స్వల్పము. అచ్చు తక్కువగా పడిన ప్లేటు ఎక్కడనో ఒకటి మిగిలియుండును, దానికై వెదకువారుందురు. భక్తి ఎక్కువైనది వేరు, వెల ఎక్కువైనది వేరు. పూజామందిరమున ఉంచదగినది అల్పమైన వెలకు పోనీయవలదు. వెల కలదానిని అజ్ఞానముచేత తుక్కులో కలుపవలదు.

యంత్రముల విషయమునను జాగ్రత్త కావలెను. ఏండ్ల తరబడి మూలనున్న వాల్వు రేడియోను “పలుకునో లేదో” అని వెంటనే కరెంటులో పెట్టుట ప్రమాదము. లోపలి కెపాసిటర్లు కాలవశమున చెడియుండును. పెట్టిన క్షణముననే పొగవచ్చి, బాగుచేయదగిన యంత్రము బూడిద కావచ్చును. రెండువందల వోల్టులకు మించిన విద్యుత్తు అందు ప్రవహించును. తీగ తీసిన తరువాత కూడ కొంతసేపు నిలిచియుండును. తెలిసినవానిచేత పరీక్ష చేయించిన పిదపనే మీట నొక్కవలెను. కొన్ని పాత టేపులు పుల్లని వాసన కొట్టును. అవి క్షీణించుచున్నవని దాని అర్థము. వానిని ముందుగా వినవలెను, ఆలస్యము తగదు.

నాలుగు వ్యవహారపదములు

మనువు వ్యవహారమునకు పదునెనిమిది పదములను చెప్పెను. యాజ్ఞవల్క్యస్మృతియు, దానికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరయు వానిని విపులీకరించినవి. తిక్కనకు శిష్యప్రాయుడైన కేతన 13వ శతాబ్దముననే ఈ శాస్త్రమును విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగుపద్యములలో కూర్చెను. అందు నాలుగు పదములు ఈ చిన్నగదికి నేరుగా అన్వయించును.

మొదటిది దాయవిభాగము. స్వామితోడి సంబంధమాత్రముచేతనే ఇతరునకు సొత్తగు ధనము దాయమని మితాక్షర చెప్పును. నేటి శాసనమును ఇచట తెలియవలెను. 1956నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక గతించిన పురుషుని స్వార్జితము అతని భార్యకును, కుమారులకును, కూతుళ్లకును, తల్లి జీవించియున్నచో ఆమెకును సమముగా చెందును. పొలమును పంచుకొనునపుడు అందరును ఈ మాటను జ్ఞప్తికి తెచ్చుకొందురు. పాత రేడియోల విషయమున ఎవరికిని తోచదు. వెల తక్కువైనంత మాత్రమున సొత్తు కాకపోదు.

రెండవది అస్వామివిక్రయము. తనది కానిదానిని అమ్ముట. పెద్దకుమారుడు ఒక్కడే తుక్కువానితో బేరము కుదుర్చుకొనినచో తన భాగమునకు అతడు స్వామియే. తల్లి భాగమునకును చెల్లెలి భాగమునకును కాడు. చౌర్యబుద్ధి అతనికి లేదు. అయినను అడుగక అమ్మిన దోషము ఉండనే ఉండును. అందరును కూర్చుండి ఒక జాబితా వ్రాసికొనినచో ఒక్క పూటలో తీరు విషయమిది.

మూడవది నిక్షేపము. నమ్మి దాచుకొమ్మని ఇచ్చినది. ఊరివారు బాగుచేయుటకు ఇచ్చిన రేడియోలు ఆ గదిలో ఎన్ని ఉన్నవో వారసులు వెదకవలెను. ఇచ్చినవాడు మరణించినచో అతని వారసులకు ఈయవలెను. పుచ్చుకొనినవాడు మరణించినచో ఆ ఋణము అతని కుమారులది. యంత్రము అడుగున అంటించిన చిన్న చీటీలను, లోపల మడిచి పెట్టిన కాగితములను చూడక ఏ యంత్రమును గడప దాటనీయరాదు.

నాల్గవది క్రయవిక్రయానుశయము. అనగా కొనుట అమ్ముటలయందు పిమ్మట కలుగు పశ్చాత్తాపము. కొనినవాడు పరీక్షించుటకు యాజ్ఞవల్క్యుడు కాలనియమము చెప్పెను. విత్తనములకు పది దినములు, ఇనుమునకు ఒక దినము, బరువు మోయు పశువులకు ఐదు, రత్నములకు ఏడు, పాడిపశువులకు మూడు. గుణదోషములు బయటపడుటకు ఏ వస్తువునకు ఎంత కాలము పట్టునో అంత గడువు. ఆర్మూరు ప్రాంతపు రైతులకు విత్తనము విషయమున ఇది వివరింపనక్కరలేదు. మొలకెత్తువరకు విత్తనపు గుణము తెలియదు. వాల్వు రేడియో స్మృతులలో లేదు. కాని న్యాయము ఒక్కటే. అది చల్లగానున్నపుడు చక్కగా పలికి, వేడెక్కిన గంటకు మూగవోవచ్చును. కావున దానిని ఇనుమువలె కాక రత్నమువలె తలంచి ఏడు దినముల గడువిచ్చుట ఉచితము. 1930నాటి వస్తువిక్రయ చట్టమును కొనువానికి సరకును పరీక్షించు అవకాశము ఉండవలెననియే చెప్పుచున్నది.

అమ్మువాడు దోషమును దాచరాదు. ఈ వర్తకమున ఒక కపటము వ్యాపించియున్నది. ఇత్తడి బూర పెట్టి, పాత గుర్తు అంటించి, ఇటీవల చేసిన గ్రామఫోనులు నూరేండ్లనాటివని అమ్మబడుచున్నవి. గతించినవాడును అట్టిదానిని మోసపోయి కొనియుండవచ్చును. అతడు మోసపోయెనన్న కారణమున అతని వారసులు వేరొకరిని మోసగింపరాదు. అది నిజముగా నూరేండ్లకు పైబడినదైనచో వేరొక నియమము కలదు. 1972నాటి పురావస్తు చట్టము నూరేండ్లు నిండిన చారిత్రకవస్తువులను ప్రైవేటువారు విదేశమునకు పంపుటను నిషేధించినది.

విక్రేయమేది, అవిక్రేయమేది?

శబ్దము నిత్యమని మీమాంసకులు వాదింతురు. ధ్వని దానిని వ్యక్తపరచునే కాని పుట్టింపదందురు. నైయాయికులు శబ్దము పుట్టి నశించుననియు, అది ఆకాశగుణమనియు చెప్పుదురు. ప్లేటును చేతబట్టుకొని ఈ వాదమును మరల తలపోయవచ్చును. గీతలో పాట లేదు. గీత నలుపు మాత్రమే. ముల్లు ఆనినపుడు పాట వచ్చును. లేనిది ఎట్లు వచ్చెను? ఉన్నచో ఎచట ఉండెను? ఏ మతము వారైనను ఒక్క మాటకు సమ్మతింతురు. ప్లేటును అమ్మినవాడు లక్కను అమ్మెను, పాటను కాదు. రాజశాసనమును ఇట్లే చెప్పుచున్నది. 1957నాటి కాపీరైటు చట్టము ప్రకారము ధ్వనిముద్రణపై హక్కు ప్లేటు కొనినవానిది కాదు.

అచ్చువేసిన ప్లేటు ఒకటి పోయినను ఆ పాట వేరొకచోట ఉండును. ఇంటిలో పట్టిన టేపు అట్టిది కాదు. దానికి ప్రతి లేదు. అందున్న భజన, పెండ్లిపాట, బతుకమ్మపాట, ముసలితల్లి పలుకు లోకమున మరెచ్చటను లేవు. అంగడిలో వానికి వెల సున్న. ఇంటివారికి అదియే అమూల్యము. తుక్కుబేరమున మొట్టమొదట నశించునది ఇదియే. కావున యంత్రములను అమ్ముటకు పూర్వము, ఒక టేపురికార్డరునైనను ఆడు స్థితిలో ఉంచుకొని, చేతివ్రాత గల ప్రతి టేపును వినవలెను. ముందు యంత్రములను అమ్మి పిదప టేపులను విందుమనుకొనువారు దీపమును అమ్మి వత్తిని దాచుకొనినట్లగుదురు.

రెండు సంచయముల గతి

గతించిన సేకర్తల సంచయములు పెద్దయెత్తున ఏమైనవో రెండు నిదర్శనములు చూడవచ్చును. మూడవ సాలార్ జంగు, నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, 1949 మార్చి 2న సంతానము లేక గతించెను. ఆయన కూర్చిన వేలకొలది వస్తువులు చెదరిపోలేదు. 1951 డిసెంబరు 16న ఆయన దివాన్ దేవిడిలోనే వానిని నెహ్రూగారు ప్రజాదర్శనమునకు తెరచిరి. 1961లో పార్లమెంటు చట్టముచేత అది జాతీయప్రాముఖ్యము గల సంస్థయైనది. 1968లో మూసీతీరముననున్న నేటి భవనమునకు మారినది.

రెండవది ద్రావిడదేశమునకు చెందినది. కోటయూరున రోజా ముత్తయ్య చెట్టియారు తమిళ గ్రంథములను, పత్రికలను జీవితమంతయు సేకరించి 1992లో గతించెను. ఆయన సంచయము అమ్మబడినది; కాని విడివిడిగా కాదు. చికాగో విశ్వవిద్యాలయమువారు మొత్తముగా కొని, తమ దేశమునకు తరలింపక, 1994లో చెన్నైలోనే పరిశోధన గ్రంథాలయముగా నిలిపిరి. వారసులకు ధనము దక్కెను. విద్యార్థులకు గ్రంథములు దక్కెను. విక్రయమును సంరక్షణమును పరస్పరవిరుద్ధములు కావని దీనివలన తెలియుచున్నది.

జక్రాన్‌పల్లిలోని ఒక గదికి పార్లమెంటు చట్టము రాదు, చికాగో పండితులును రారు. అయినను పద్ధతి ఒక్కటే. పాత్రుని వెదకవలెను. తెలుగునాట ఈ వస్తువుల విలువ తెలిసినవారు లేకపోలేదు. బొబ్బిలి రాజవంశమునకు చెందిన వి.ఎ.కె. రంగారావు చెన్నైలో 78 వేగపు ప్లేట్లను వేలకొలదిగా సేకరించి, వానిలోని పాటలను గూర్చి వ్రాసి లోకమునకు తెలిపినవారు. అట్టి అభిరుచి గలవారికి మొదట జాబితా పంపవలెను. ధ్వనిముద్రణములను భద్రపరచు సంస్థలును కలవు. తుక్కువాడు చివరి ద్వారము కావలెను కాని మొదటి ద్వారము కారాదు.

జీవించియున్న రసికుని ధర్మము

ఇంతవరకు వారసుల ధర్మమే చెప్పబడినది. సేకర్తకు ధర్మము లేదా? భాగవత పంచమస్కంధమున భరతుని కథ కలదు. తెలుగున ఆ స్కంధమును గంగన రచించెను. రాజ్యమునే విడిచి అడవికి పోయిన భరతుడు ఏటిలో కొట్టుకొనిపోవు లేడిపిల్లను దయతో తీసి పెంచెను. దయ దోషము కాదు. కాని క్రమముగా జపము పోయి లేడియే మిగిలెను. అంత్యకాలమున దానినే తలచి లేడియై పుట్టెను. రాజ్యమును విడువగలిగినవానిని ఒక చిన్నప్రాణి బంధించినది.

సంచయము చేయువారికి ఈ కథ అద్దము. వస్తువును ప్రేమించుటయందు తప్పులేదు. దానిని విడుచు దినమును తలపోయకుండుటయందు తప్పు కలదు. ఓపిక ఉండగనే ఏది ఎవరిదో, ఏది పలుకునో, ఏ టేపున ఎవరి కంఠమున్నదో వ్రాసియుంచవలెను. కొన్నింటిని తన చేతులతోనే పాత్రులకు ఇచ్చినచో ఆ ఆనందమును తానే అనుభవింపవచ్చును.

దృష్టాంతములోని గృహమున వ్రాత లేకపోయెను. తుక్కువానిని వారము ఆగుమని పంపి, అన్నాచెల్లెండ్రు గదిలో కూర్చుండిరి. పసుపుబస్తాలను తాత్కాలికముగా ముందువసారాలో పరచిన చెక్కలపై పేర్చి పట్టా కప్పిరి. రేడియోలను పరిశీలింపగా ఒకదాని అడుగున పొరుగువీధివాని పేరు కనబడెను. దానిని అతని కుమారునకు అప్పగించిరి. ఇత్తడి బూర గ్రామఫోను కొత్తదని తెలిసినవాడు చెప్పెను. కొనవచ్చినవానికి ఆ మాటయే చెప్పి తక్కువ వెలకు ఇచ్చిరి. మంచి రేడియోలకు ఏడు దినముల గడువిచ్చిరి. ఒకటి తిరిగివచ్చెను, సొమ్ము తిరిగి ఇచ్చిరి.

టేపులను వినుటకు నాలుగు రాత్రులు పట్టెను. మూడవ రాత్రి నాయనమ్మ కంఠము వినబడెను. బతుకమ్మపాట రెండు చరణములు సాగి, నడుమ తెగి, సినిమాపాట వచ్చెను. తండ్రియే ఎప్పుడో రేడియోలో వచ్చిన పాటను అదే టేపుపై పట్టియుండెను. తన తల్లి పాటను తన చేతితోనే చెరుపుకొనినట్లు ఆయన ఎరుగునో ఎరుగడో తెలియదు. కూతురు ఏడ్చెను. తల్లి మాత్రము, “ఉన్నంత ఉన్నది బిడ్డా, దాన్నే మల్ల పెట్టు” అనెను. మిగిలిన రెండు చరణములకు ప్రతులు తీసి ముగ్గురును ఉంచుకొనిరి.

వచ్చిన సొమ్మును ఉన్నవారందరికి సమముగా పంచిరి. గది ఖాళీయై పసుపుబస్తాలు లోనికి వచ్చెను. తల్లి కోరికపై ఒక రేడియోను మాత్రము గూటిలో ఉంచిరి.